కిటికీకి వీపు పెట్టిన మానిటర్

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే "చాల్లే, పడుకోండిక" అని కసిరేది నేనే. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుతుంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది యానాం. ఎనభైల చివర్లో మావారికి పుదుచ్చేరి బదిలీ అయితే కోసపాళయంలో అద్దెకి దిగాం. ఆ ఊళ్ళోనే సారం అనే పేటలో ఒక ప్రైవేటు ఆఫీసులో నాకు కంప్యూటర్ ఆపరేటరు పని దొరికింది. పర్మనెంటు కాదు. చెప్పులు బయట విప్పి వెళ్ళాల్సిన ఏసీ గది. పక్క సీటులో సరోజ. వాళ్ళది తాతల నాటి నుంచి ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం.

కొన్నాళ్ళకి నా టైపింగులో తప్పులు మొదలయ్యాయి. తెర మీది ఆకుపచ్చ అక్షరాలు అలికేసినట్టు ఉండేవి. ఇలాగే ఉంటే వేరేవాళ్ళని చూసుకుంటామని మా మేనేజరు సార్ మెత్తగా అన్నారు. మెత్తగా అన్నందుకే ఎక్కువ భయమేసింది.

తప్పంతా మానిటర్‌దే అనుకున్నాను. బ్రైట్‌నెస్ తగ్గించాను, కాంట్రాస్ట్ పెంచాను, ఎత్తు మార్చాను. కిటికీ వెలుగు తెర మీద పడకుండా, కిటికీ నా కుడి పక్కకి వచ్చేలా మానిటర్‌ని సర్దుకున్నాను. అంత కుదురుగా పెట్టి వెళ్తే, మర్నాడు తాళం తీసేసరికి అది కిటికీకి వీపు పెట్టి గోడ వైపు తిరిగి ఉండేది. అలిగినట్టు.

తాళం నా దగ్గరే ఉండేది. ఊడ్చే ఆమె కూడా నేనొచ్చాకే లోపలికి వచ్చేది. నేను సరిచెయ్యడం, అది తిరగడం. సార్‌కి చెబితే "మీరే తిప్పి మరిచిపోయుంటారమ్మా" అన్నారు. ఇంకా నయం, పిచ్చిదాన్నని అనలేదు.

రుజువు కావాలి కదా. ఇంటి నుంచి పొట్లంలో ముగ్గుపిండి తెచ్చి, సాయంత్రం వెళ్ళేముందు మానిటర్ చుట్టూ సన్నగా గీత గీశాను. సరోజ గుండెలు బాదుకుంది.

"మిషన్లోకి పిండి పోతే సార్ మనిద్దర్నీ తరిమేస్తారు. ఏందక్కా ఇది?"

మర్నాడు మానిటర్ మళ్ళీ తిరిగే ఉంది. దాని రబ్బరు కాలొకటి గీత దాటి బయటికొచ్చింది. గీత మాత్రం ఎక్కడా చెదరలేదు. సరోజ "మురుగా" అని గొణిగి తన కుర్చీ దూరం జరుపుకుంది.

సార్ వచ్చి చూసేదాకా దాన్ని ముట్టుకోకూడదనుకున్నాను. కానీ పని ఆగదుగా. కుర్చీ గోడ వైపుకి లాక్కుని, కిటికీకి ఎదురుగా కూర్చుని టైపు మొదలుపెట్టాను. తెర పక్క నుంచి ఎండ కంట్లో కొడుతోంటే కుడి కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

తెర మధ్యలో అక్షరాలు లేవు. నల్లటి మరక, అంతే.

మానిటర్ పోయింది, దాంతో నా ఉద్యోగమూ పోయిందనుకున్నాను. అక్షరాలు పోయాయని సరోజని పిలిచాను.

"అన్నీ బాగానే కనబడతాండాయి కదక్కా. యాడ పోయినాయంటావు?"

చెయ్యి తీశాను. అక్షరాలు ఉన్నాయి. మళ్ళీ పెట్టాను. లేవు. పోతున్నది మానిటర్ కాదు, నా ఎడమ కన్నని అప్పుడర్థమైంది. కూర్చున్నచోటే ఏడ్చేశాను.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది సరోజే. లోపలి పొర ఊడుతోందన్నారు. నొప్పి ఉండదట, మంచి కన్ను రెండోదాని లోటు కప్పేస్తుందట, ఇంకాస్త ఆలస్యమైతే చూపు దక్కేది కాదట. మద్రాసులో ఆపరేషన్ చేశారు. కన్నూ దక్కింది, ఉద్యోగమూ నిలిచింది.

నేను తిరిగొచ్చాక ఆ మానిటర్ ఒక్కసారి కూడా కదల్లేదు. రోడ్డు మీది బస్సుల అదురుకి జరిగి ఉంటుందని మావారంటారు. అదురుకి అంత బరువు జరిగి, పిండి జరగదా?

దయ్యాలు నేనిప్పటికీ నమ్మను. కానీ ఇంట్లో ఏ వస్తువైనా పెట్టిన చోట లేకపోతే, దాన్ని వెతకడానికి ముందు ఒక్కో కన్నూ మూసి చూసుకుంటాను.