వడిసెల పాఠం

సుబ్బరావమ్మది చీరాల నేతవాళ్ళ ఇల్లు. పొదిలి పక్క పల్లెలో టెంపరరీ పంతులమ్మగా చేరి రెండేళ్ళయింది. స్పుత్నిక్ ఎగిరిన ఆ శీతాకాలం, ఇన్స్పెక్టరు తనిఖీ పుస్తకంలో రాసే నాలుగు ముక్కల మీదే ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలాలి. ఎక్కాలు మాని పిల్లలచేత రాళ్ళు తిప్పిస్తోందని, బడి నడిపే మాలకొండయ్య ముందే అర్జీ పెట్టాడు.

"ఆ రాళ్ళ పాఠమేదో చెప్పండమ్మా, చూస్తాను," అన్నాడు ఇన్స్పెక్టరు, కుర్చీ ఆరుబయట వేయించుకుని, మాలకొండయ్యను పక్కన నిలబెట్టుకుని.

ఆమె గదిలోకెళ్ళి వెతికింది. రోజూ తిప్పేది తాడు కొసన గుడ్డలో బిగించి కట్టిన రాయి. ఇవాళే అది కనబడలేదు. ఐదో తరగతి పేరమ్మ బొడ్లోంచి తన వడిసెల తీసింది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే పిల్ల. ఫిరంగులు రాకముందు కోటల్ని కాచిందీ, ఇప్పుడు చేలను కాస్తున్నదీ ఈ నారతాడే. చరిత్ర పుస్తకాల్లో మాత్రం దానికొక పంక్తి దొరకడం కష్టం. నడిమి ఒడిలో రాయి పెట్టి తిప్పితే, రెండు కొసలూ వేళ్ళలో ఉన్నంతసేపూ అది చుట్టూ తిరుగుతుంది. ఒక కొస జారిందా, పోతుంది.

"వదలకే. చచ్చినా వదలకు," అని పిల్ల చెవిలో చెప్పింది సుబ్బరావమ్మ.

వడిసెల హోరుమంది. "తాడు రాయిని లోపలికి లాగుతోంది. స్పుత్నిక్‌ని భూమీ అలాగే లాగుతోంది. అయినా అది పక్కకు అంత జోరుగా పరుగెడుతోంది గనక మన మీద పడట్లేదు..." నోరు పాఠం చెబుతోంది, కళ్ళు పిల్ల వేళ్ళ మీదే ఉన్నాయి.

చేల మీంచి చిలకల గుంపు కీచుమంటూ లేచింది. పేరమ్మ తల అటు తిరిగింది. వేలు విడింది.

రాయి మాలకొండయ్య చెవి పక్కగా దూసుకుపోయి మంచినీళ్ళ కుండను బద్దలు కొట్టింది.

"చంపేదండీ నన్ను! చెప్పానా, లేదా?"

"ఎవరు వదలమన్నారు?" ఇన్స్పెక్టరు లేచాడు.

"నేనేనండి," అంది సుబ్బరావమ్మ. "వదిలితే ఎటు పోతుందో చూపిద్దామని."

"లేదండీ! పంతులమ్మగారు వద్దనే చెప్పారు. చిలకలొచ్చినయ్యండీ, చెయ్యాగలా," అంది పేరమ్మ ఏడుపుగొంతుతో.

 కుండలో నీళ్ళు ఇన్స్పెక్టరు చెప్పుల దాకా పారాయి.

"అది గుండ్రంగా పోయిందా, తిన్నగా పోయిందా?" అని ఆయన పేరమ్మనే అడిగాడు.

"తిన్నగానేనండి. వదిలేశాక ఇంక తిప్పేదెవురు?" అంది పిల్ల కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన కూర్చుని చాలాసేపు రాశాడు. మాలకొండయ్య భుజం మీంచి తొంగిచూసి మొహం ముడుచుకున్నాడు. సుబ్బరావమ్మ పుస్తకం అందుకుని చివరి పంక్తులు చదివింది. "మరొక సంవత్సరము కొనసాగించవచ్చును. బడి ఆవరణలో వడిసెల నిషిద్ధము."

"ఆవరణలోనేనాండీ?" అంది సుబ్బరావమ్మ.

"రాసింది చదువుకోండి," అని ఆయన సైకిలెక్కాడు.

మర్నాడు ఎక్కాలు అప్పజెప్పించుకుని, ఐదో తరగతిని ఊరి బయటి బీడులోకి నడిపించింది.