సూరజ్‌కుండ్ మేళాలో ఒక నిద్ర

డెహ్రాడూన్‌లోని ఒక వసతి పాఠశాలకు సోమవారం మధ్యాహ్నంలోగా ఔననో కాదనో చెప్పవలసి ఉంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి షారోన్ ప్రవేశ పరీక్ష నెగ్గింది. సీటు వచ్చింది. వెళ్తానంటోంది. నా భార్య కరుణ మాత్రం, "కూర్చుని మాట్లాడుకుందాం" అని రెండు వారాలుగా అంటోంది. కూర్చునే వేళే దొరకడం లేదు.

కరుణ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఆమె జనక్‌పురిలోని మా అద్దె ఇంటికి చేరేసరికి అమ్మాయి బడిలో ఉంటుంది. అమ్మాయి బడి నుంచి వచ్చే వేళకు కరుణ గాఢనిద్రలో ఉంటుంది. ఆ నిద్ర చెడకూడదని, షారోన్ సాయంత్రం ఆరింటివరకు కింది వాటాలోని మల్హోత్రా ఆంటీ ఇంట్లో కూర్చునేటట్లు నేనే ఏర్పాటు చేశాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కరుణ మళ్ళీ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది.

"ఘర్ మే తో కోయీ హోతా హీ నహీఁ, డాడీ. హాస్టల్‌లో అందరూ ఉంటారు" అని షారోన్ ఒకరోజు అన్నది. ఇంట్లో ఎవరూ ఉండరనే ఆమె ఫిర్యాదు.

బాపట్ల నుంచి బదిలీపై ఢిల్లీ వచ్చి పదకొండేళ్ళు. సొంతవాళ్ళు లేని ఊళ్ళో సెలవురోజును గదిలో గడపడం నాకు మొదటినుంచీ చేతకాదు. నర్సు ఉన్న ఇంట్లో ఆదివారం ఒక్కో వారం ఒక్కో రోజున వస్తుంది. మా తెలుగు సంఘంలో సగంమంది నర్సులే గనుక పాస్టరుగారు కూడా ఆరాధనకు ఎందుకు రాలేదని అడగడం మానేశారు. కరుణకు ఏ రోజు ఆఫ్ వస్తే ఆ రోజే మా ఆదివారం. కుతుబ్, తుగ్లకాబాద్ కోట, సుల్తాన్‌పూర్ పక్షులు, మథుర, జంతు ప్రదర్శనశాల రెండుసార్లు: ఇవన్నీ అట్లా చూసినవే, తేదీలతో సహా నా డైరీలో ఉన్నవే.

2007 ఫిబ్రవరి రెండో శనివారం నాకూ, షారోన్‌కూ సెలవు. కరుణకు వారం రాత్రుల తరువాత ఆఫ్. సూరజ్‌కుండ్ మేళాకు ఆ ఏడు ముఖ్య అతిథి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ముగ్గురికీ తీరిక, మన ఊళ్ళ బొమ్మలు, దారి పొడవునా మాట్లాడుకునే అవకాశం. ఇంతకంటే మంచి పొంతన కుదరదనిపించింది. పులిహోర, పెరుగన్నం క్యారియరులో సర్ది, ఫ్లాస్కులో టీ పోసి ఉంచాను.

కరుణ తొమ్మిదింటికి పది నిమిషాల ముందు వచ్చింది. గుమ్మంలో ఉన్న సంచిని చూసింది.

"ఇవాళ తప్పదాండీ?"

"మేళా గురువారంతో అయిపోతుంది. నీకు మళ్ళీ శనివారం ఆఫ్ ఎప్పుడొస్తుందో. పైగా ఆ మాట కూడా తేల్చుకోవాలి కదా."

"ఠీక్ హై" అని ముఖం కడుక్కుని, నేత చీర కట్టుకుని వచ్చింది.

జనక్‌పురి నుంచి సూరజ్‌కుండ్ వెళ్ళదలచినవారికి మేము వెళ్ళిన దారి చెప్తాను. జనక్‌పురి వెస్ట్‌లో మెట్రో ఎక్కి ప్రగతి మైదాన్‌లో దిగాలి. మథుర రోడ్డు మీద బదర్‌పూర్ బస్సు పట్టుకోవాలి. టికెట్టు పది రూపాయలు. అక్కడి నుంచి మేళా గేటు దాకా షేరింగ్ ఆటోలు తిరుగుతాయి. ఆటోవాడు ఎనిమిదిమంది ఎక్కేదాకా కదలడు, కనుక ముందే ఎక్కి కూర్చుని లాభం లేదు.

మెట్రోలో చోటు దొరికింది. నేను హాస్టలు విషయం ఎత్తబోయేసరికి కరుణ తల కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. అమ్మకు ఒంట్లో బాగాలేదా అని ఎదురుగా కూర్చున్న పంజాబీ ఆవిడ షారోన్‌ను అడిగింది: "బేటా, మమ్మీ కీ తబియత్ ఠీక్ నహీఁ?"

"నైట్ డ్యూటీ, ఆంటీ."

"తో ఘర్ మే సోనే దేతే నా!" ఇంట్లో పడుకోనివ్వవచ్చు కదా అని ఆమె అన్నది షారోన్‌తోనే గానీ, చూసింది నన్ను. నేను తలుపు మీది స్టేషన్ల పటం చదవసాగాను.

బస్సులో కండక్టరు రేకు మీద చేత్తో బాదుతూ "బదర్‌పూర్, బదర్‌పూర్" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ మోతలోనూ కరుణ నిద్రపోయింది. షారోన్ మాత్రం ఆశ్రమ్ కూడలి దాకా బయటికి చూస్తూ ఉండి, నా వైపు తిరిగి, "దేఖా? మాట్లాడదామంటే ఇదే. హమేషా యహీ, ఎప్పుడూ ఇంతే" అన్నది.

పదకొండున్నరకు మేళాలో అడుగుపెట్టాము. మట్టి పూసిన గోడలు, గడ్డి కప్పుల అంగళ్ళు, కాలికింద ఎర్ర దుమ్ము, బడిపిల్లల వరుసలు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి దశావతారాలు, కలంకారీ దుప్పట్లు, తోలుబొమ్మలు. నాలుగు అడుగులకొకసారి తెలుగు మాట చెవిన పడుతూ ఉంటే నా నడక దానంతటదే వేగం పుంజుకుంది. ఒంటిగంటకు భోజనం, అప్పుడే హాస్టలు చర్చ, మూడింటికి నృత్యాలు, నాలుగింటికి సూర్యకుండం మెట్లు. ఇదీ నా పథకం.

మంగళగిరి చీరల అంగడి దగ్గర కరుణ ఆగింది. ఒక చీర అంచును చేతిలోకి తీసుకుని, అరుగు మీద కూర్చుని, అట్లాగే ఉండిపోయింది. అంగట్లో ఉన్న ఆవిడకు యాభై ఏళ్ళు ఉంటాయి. పేరు నాగరత్నమని తరువాత తెలిసింది.

"ఏందమ్మా, కళ్ళు మూతలు పడతన్నయ్యి. ఏ ఊరు మీది?"

"రేపల్లె. ఇప్పుడిక్కడే ఉంటున్నాం. నర్సుని. రాత్రంతా డ్యూటీ."

"రేపల్లా! మా చిన్నాడబిడ్డని ఆడికే ఇచ్చాం. అయితే లోపలికి పో. తెర ఎనకమాల మూటలున్నయ్యి, కాసేపు నడుం వాల్చు."

"అయ్యో, చీరల మీదా?"

"చీరలేగా, ముళ్ళకంప కాదుగా! నలిగితే నీకే అమ్ముతాలే."

కరుణ నన్ను చూసింది. నేను గడియారం చూశాను. "పది నిమిషాలండీ" అని తెర వెనక్కి వెళ్ళింది.

పది నిమిషాలు దాటాయి. అరగంట దాటింది. నేను ఎదుటి అంగడిలో బొమ్మల ధరలు అడిగాను, మళ్ళీ వచ్చాను. మంచినీళ్ళు తాగాను, మళ్ళీ వచ్చాను. చివరికి షారోన్‌ను అక్కడే ఉండమని చెప్పి, ఒక్కణ్ణే సూర్యకుండం చూడబోయాను. అర్ధచంద్రంలా రాతిమెట్లు దిగుతూ ఉన్న ఆ పాత జలాశయాన్ని తీరికగా చూసేవారికి గంటైనా చాలదు. నేను పై మెట్టు మీద నిలబడి, ఇక లేచి ఉంటుంది అనుకుని వెనుదిరిగాను.

కరుణ లేవలేదు. కానీ అంగడిలో మరొక సంగతి జరుగుతోంది. హిందీ వచ్చిన నాగరత్నం భర్త అన్నం తేవడానికి పోయి ఇంకా రాలేదట. నాగరత్నానికి వచ్చిన హిందీ వేళ్ళు చూపడంతో సరి. కొనవచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకూ ఆమెకూ నడుమ షారోన్ నిలబడి ఉంది.

"ఏమంటది పాపా?"

"దామ్ చాలా ఎక్కువ అంటోంది, ఆంటీ."

"ఎక్కువా! మగ్గం కాడ నడుములు పడిపోతయ్యని చెప్పు. అట్టాగే ఆమె కట్టుకున్న చీర బాగుందని కూడా చెప్పు. బేరానికి మంచిది."

షారోన్ రెండూ చెప్పింది. వారిలో పెద్దావిడ గట్టిగా నవ్వింది. షారోన్ వెంటనే వేలు పెదవుల మీద పెట్టి, "ఆంటీ, జరా ధీరే. మమ్మీ సో రహీ హై. రాత్‌భర్ హాస్పిటల్ మే థీ" అని అమ్మ నిద్రపోతున్న సంగతి చెప్పింది. ఆ తరువాత బేరం గుసగుసల్లో సాగింది. ఢిల్లీలో గుసగుసగా బేరమాడడం నేను అంతకుముందు వినలేదు. రెండు చీరలు అమ్ముడుపోయాయి. వాళ్ళు వెళ్ళేటప్పుడు చెప్పులు కూడా నెమ్మదిగా వేసుకున్నారు.

రెండు దాటాక నాకు ఓపిక నశించింది. "లేపేద్దాం. నృత్యాలు పోతాయి" అని తెర వైపు కదిలాను.

షారోన్ అడ్డం వచ్చింది. "నహీఁ డాడీ."

"మాట్లాడాలని కదమ్మా వచ్చింది?"

"బాద్ మే." తరువాత చూద్దామని.

అప్పుడే వీధి మొదట్లో డప్పులు మోగాయి. మన వైపు కళాకారుల జట్టు ఊరేగింపుగా ఈ వరుసలోకే మళ్ళింది. పదిమంది దాకా ఉన్నారు. అంగళ్ళవాళ్ళు చప్పట్లు కొడుతూ ఉన్నారు. నేను నిస్సహాయంగా తెర వైపు చూస్తూ ఉండగా, షారోన్ అరుగు దిగి జనం నడుమ నుంచి పరుగెత్తింది. ముందు నడుస్తున్న పొడుగాటి మనిషి ఎదుట చేతులు చాపి నిలబడింది.

"అన్నా, ఇక్కడ వద్దు. మా అమ్మ పడుకుంది."

ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో బదులు చెప్పే పిల్ల. అంగడిలో మాట్లాడినదీ కలగాపులగమే. 'మా అమ్మ' అనడం నేను అదే మొదటిసారి విన్నాను.

"ఈ జాతర్ల పండుకుందా!" అన్నాడు అతను.

"నైట్ డ్యూటీ చేసి వచ్చింది. నర్సు."

అతను వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. "ఆపుండ్రిరా. పాప తల్లి పండుకున్నదంట. మూల తిరిగినంక కొడుదాం." జట్టంతా డప్పులను పొట్టకు అదుముకుని, మా అంగడి ముందు నుంచి దొంగల్లా నడిచి వెళ్ళింది. వెంట వచ్చిన జనానికి ఏమీ అర్థం కాలేదు. మూల తిరిగాక ఒక్కసారిగా మోత లేచింది.

నాగరత్నం భర్త మూడింటికి వచ్చాడు, చేతిలో చల్లారిన బిర్యానీ పొట్లం.

"ఏందయ్యా, నారు పోసి, కోత కోసి, వొండి తెచ్చావా?" అన్నది ఆమె, తెర వెనక్కి వినబడనంత గొంతుతో.

"డప్పులోళ్ళ ఎనకాల పోయినానే."

"ఆ డప్పులే ఈ పిల్ల ఆపింది. సగం చీరలు గూడా ఇదే అమ్మింది. నువ్వు పోయి మళ్ళా తిరిగిరా."

నాలుగింటికి పావుగంట ముందు తెర కదిలింది. కరుణ చెంప మీద మూటకట్టిన తాడు అచ్చుపడి ఉంది. "ఎంతైందండీ? అయ్యో, మీరేమీ చూడలేదా?" అంటూ జుట్టు సర్దుకుంది.

అంగడి వెనక నేల మీద తువ్వాలు పరిచి, ముగ్గురమూ పులిహోర ముందు కూర్చున్నాము. ఒంటిగంటకు జరగవలసిన చర్చ అప్పుడు మొదలైంది.

"చెప్పవే. హాస్టలుకు పోతావా?" అన్నది కరుణ.

షారోన్ సూటిగా బదులు చెప్పలేదు. "మమ్మీ, సచ్ బోల్నా. ఆఫ్ రోజు మాతో రావాలని ఉంటుందా, పడుకోవాలని ఉంటుందా?"

కరుణ నా ముఖం చూసింది. తరువాత విస్తరిలోకి చూస్తూ అన్నది: "పడుకోవాలనే ఉంటుంది. నైట్ దిగిన రోజు ఆఫ్ కాదే. అది డ్యూటీకి తోక. అసలు ఆఫ్ ఆ మర్నాడు."

"తో బోలా క్యోఁ నహీఁ?" మరి చెప్పలేదెందుకని షారోన్ అడిగింది.

"మీ డాడీ అప్పటికే సంచి సర్దేసి ఉంటారు."

నేను క్యారియరు మూత బిగించాను. పదకొండేళ్ళ లెక్కల్లో నేను సెలవుగా రాసుకున్న రోజులన్నీ ఆమె లెక్కలో పనిదినాలే.

"నాకు తుగ్లకాబాద్ కూడా నచ్చలేదు" అన్నది షారోన్.

"కుతుబ్?" అన్నాను.

"వో భీ నహీఁ."

"మరి నీకేం కావాలమ్మా?"

కొంతసేపు పులిహోరలో వేరుశెనగ గింజలు ఏరింది. "బడి నుంచి వచ్చాక మల్హోత్రా ఆంటీ ఇంటికి పోను. మమ్మీ పడుకుంటే పడుకోనీ. నేను పక్క గదిలో ఉంటాను."

"గొడవ చెయ్యవు కదా? టీవీ పెట్టవు కదా?" అన్నది కరుణ.

"ఆజ్ కియా క్యా?" ఈరోజు చేశానా అని ఎదురడిగింది.

తెర సందులోంచి నాగరత్నం తల పెట్టింది. "చేయలేదమ్మా. ఊరు ఊరంతటి నోరూ మూయించింది నీ కూతురు."

కరుణ డప్పుల సంగతి అప్పుడు విన్నది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పిల్ల తల దగ్గరకు లాక్కుని, "నువ్వు డెహ్రాడూన్ పోతే నేను ఏ ఇంటికొచ్చి పడుకోనే?" అన్నది. షారోన్ తల అక్కడే ఉంచింది.

"సోమవారం వద్దని ఫోన్ చేసేదా?" అని నేను అడిగాను. ఇద్దరూ తల ఊపారు.

అయిదున్నరకు మేళా గేటు దాటాము. బదర్‌పూర్‌లో బస్సు కోసం చాలాసేపు నిలబడవలసి వచ్చింది. శనివారం సాయంత్రం వెళ్ళేవారు ఈ ఆలస్యాన్ని లెక్కలో వేసుకోవాలి. సూరజ్‌కుండ్‌లో చూడదగినవి ఎన్నో ఉన్నాయని నమ్ముతున్నాను. నేను సాక్ష్యం చెప్పగలిగింది ఒక్క చీరల అంగడి గురించే. ఆ అంగడి అరుగు గట్టిది, నీడ చల్లనిది, యజమానురాలు దయగలది.

మెట్రోలో ఈసారి తల్లీకూతుళ్ళు మాటల్లో పడ్డారు. ఒకరు తెలుగు, ఒకరు హిందీ. నడుమ నా అవసరం కనబడలేదు. రాజీవ్ చౌక్ దాటాక షారోన్ నా వైపు తిరిగింది.

"డాడీ, రేపు మమ్మీకి అసలు ఆఫ్. చర్చి తర్వాత మేమిద్దరం ఘర్ పే. ఆప్ ఘూమ్ ఆవో."

నన్ను ఒక్కణ్ణే తిరిగి రమ్మని! కరుణ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పానిపట్టు అర్ధరోజులో అవుతుందా అని నా బుర్ర అప్పటికే లెక్క వేస్తోంది. ఎక్కడికీ వెళ్ళను అనాలనిపించింది గానీ, నమ్మదగిన మాట కాదు గనుక అనలేదు.

"పొద్దున పాలు నేను తెస్తాను. తలుపు చప్పుడు చెయ్యకుండా తీస్తాను" అన్నాను.