అగ్నిపర్వతంతో నూరిన టమాటా పచ్చడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. నర్సింగు పూర్తి చేసి, సౌదీలో ఖైబర్ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్త. హాస్టల్ కిటికీ తెరిస్తే కనుచూపు మేర నల్లరాళ్ళు, వాటి వెనక ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాలు. మొదటి వారం చెప్పులు పక్కనే పెట్టుకుని పడుకున్నాను (లావా వస్తే ఆ హవాయి చెప్పులతో ఎక్కడికి పోదామనుకున్నానో!). రెండో వారానికల్లా ఆ కొండల్ని ప్రహరీగోడను చూసినట్టే చూడసాగాను.

నాకు ఇంజక్షన్ దగ్గర్నుంచి అరబ్బీ దాకా నేర్పిన మా సీనియర్ కాకినాడ అక్క, పదమూడేళ్ళ ఉద్యోగం ముగించి ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్ళిపోతోంది. వీడ్కోలు భోజనానికి ఏం చేయమంటావని అడిగితే, "రోట్లో నూరిన టమాటా పచ్చడే. ఈ మిక్సీ పచ్చళ్ళు తినీ తినీ నాలుక చచ్చిపోయింది" అంది. ఆమె నన్నొకటి అడగడం అదే మొదలు. "రోలెంత పనక్కా, నేను తెచ్చేత్తాను" అనేశాను.

ఆ శుక్రవారం సెలవుకి హాస్టల్లో వాళ్ళమందరం ఆసుపత్రి బస్సులో వెళ్ళి, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక అగ్నిపర్వతం ఎక్కాం. అంచున నిలబడితే కింద మా ఆసుపత్రి మొత్తం పట్టేంత గుంట, చుట్టూ నలుపు, ఎక్కడా చప్పుడు లేదు. అక్క కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం వంగి రాళ్ళు ఏరుతున్నాను. రోలుకని గుంట పడిన రాయొకటి, పచ్చడిబండకని చేతిలో ఇమిడే రాయింకొకటి పైన తొడుక్కున్న అబాయాలో మూటగట్టి దిగుతుంటే, పాకిస్తానీ డ్రైవర్ చాచా చూసి "బేటీ, యే పత్థర్ కచ్చా హై" అన్నాడు, ఈ రాయి గట్టిది కాదమ్మా అని. బస్సు నడిపేవాడికి రాళ్ళ సంగతేం తెలుసులే అనుకున్నాను.

హాయిల్ ఊరి నుంచి వచ్చే టమాటాలు మగ్గించి, పచ్చిమిర్చి, వేయించిన జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరాను. నూరేకొద్దీ పచ్చడి నల్లబడుతోంది, రాయి తరుగుతోంది (జీలకర్ర మాడిందని సర్దిచెప్పుకున్నాను). మొదటి ముద్దకే అందరి నోళ్ళలో కరకర. ఒక్కొక్కరే కంచాలు పక్కకు జరిపారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అక్క మాత్రం ముద్ద మింగి, "పదమూడేళ్ళూ ఈ కొండల్ని చూడ్డమేనే అమ్మాయ్. రుచి చూపించింది నువ్వొక్కదానివే" అంటూ ఇంకో ముద్ద కలిపింది. నాకు ఏడుపాగలేదు.

వెళ్ళేరోజు ఆ పచ్చడిబండను సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుంది. మొన్న ఫోన్ చేస్తే, "నీ బండతోనే మడమలు రుద్దుకుంటున్నానే. సగం అరిగింది, ఇంకొన్నేళ్ళొత్తాది" అంది.

అంత అద్భుతం ముందు నిలబడి పచ్చడి గురించి ఆలోచించిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు వెళ్తే నేనూ అక్కలాగే చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోతాను. వంగి రాయి ఏరే ధైర్యం మాత్రం ఇప్పుడు నాకు లేదు.