జ్వరం వస్తేనే బన్ను

ఈ రోజు ఇంట్లో అందరికీ హాట్‌డాగ్‌లు చేద్దామని బన్నులు మధ్యకు కోసి, వెన్న రాసి పెనం మీద పెట్టాను. ఆ వాసనకు నాకు నోరూరలేదు, ఒళ్లు మండింది.

డెబ్బైలలో వరంగల్‌లో పెరిగినవాళ్లారా, మీ ఇంట్లోనూ ఇంతేనా? బన్ను తినాలంటే జ్వరం రావాలి. మాకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, బాపు బేకరీకి పోయి కాగితంలో చుట్టించుకొచ్చేవాడు. సత్తు గిన్నెలో వేడి పాలు, అందులో ముంచిన బన్ను. తమ్ముడికి జ్వరమొస్తే నాకెంత కుళ్లో!

ఒకసారి అమ్మకు జ్వరమొచ్చింది. వణుకుతూనే మగ్గానికి కండెలు చుడుతోంది. బాపు బన్ను తేవడానికి బయల్దేరితే నాయనమ్మ గడప దగ్గరే ఆపింది.

"దానికి బన్నెందుకురా? జర గంజి తాగితే అదే పోతది. పని చేస్తనే ఉన్నది గద!"

బాపు చెప్పులు విడిచి లోపలికొచ్చేశాడు. అమ్మ తలెత్తలేదు, చేయి ఆపలేదు.

పని చేస్తుంటే అది జ్వరం కాదట! ఎవరు పెట్టారండీ ఈ చట్టం?

సాసేజ్‌లు వేగాయి. బన్నులో పెట్టి ఉల్లిపాయ, సాస్ వేశాను.

"అమ్మా, ముందుగాల మాకియ్యి. నువ్వు తర్వాత తిందువు గని" అన్నాడు మా అబ్బాయి, టీవీ ముందు నుంచి.

మొదటిది నేనే తిన్నాను. పొయ్యి దగ్గరే నిలబడి, అందరూ చూస్తుండగా, మొత్తం. జ్వరం లేకుండానే.