షమీమ్ సేవ్ నొక్కిన తర్వాత

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలైలో, నన్ను నరసరావుపేట సహాయ కేంద్రానికి సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. నర్సింగ్ సీట్లకు వెబ్ కౌన్సెలింగ్ జరుగుతోంది. విద్యార్థి లాగిన్ అయి, కావలసిన కాలేజీలను వరుసలో ఎంచుకుని సేవ్ నొక్కాలి. వచ్చిన ఫిర్యాదులను, మా భాషలో టికెట్లను, చూసి పరిష్కరించి మూసేయడం నా పని.

మొదటి వారమే మాచర్ల, గురజాల నెట్ సెంటర్ల నుంచి ఒకటే గోల. "లాగిన్ అయినా కాసేపటికి బయటికి నెట్టేస్తంది మేడం, ఏందిది?" సర్వర్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో అది రాసిపెట్టుకునే చిట్టా, తీశాను. పది నిమిషాలు కదలిక లేకపోతే సెషన్, అంటే సర్వర్ మనల్ని గుర్తుపెట్టుకునే గడువు, ముగిసిపోతుంది. భద్రత కోసం పెట్టిన నియమం. స్క్రీన్ మీద ఎన్ని పేర్లు ఎంచుకున్నా, సేవ్ నొక్కేదాకా సర్వర్‌కు ఏమీ అందదు. దాని లెక్కలో అది కదలికే కాదు. అంతా నియమం ప్రకారమే ఉందని, "వాడేవారి ఆలస్యం" అని రాసి టికెట్లన్నీ మూసేశాను. అప్పట్లో నాకు కాస్త పొగరు ఉండేది, ఒప్పుకుంటాను.

సీట్ల జాబితా వచ్చిన మర్నాడు మాచర్ల నుంచి లారీ మెకానిక్ మస్తాన్ తన కూతురు షమీమ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మంచి ర్యాంకు. జాబితాలో పేరు లేదు. ఈ ఏడు సీటొస్తే చదువు, లేకపోతే మిరపకాయల ముచ్చికలు తీసే పని అని ఇంట్లో ముందే తేల్చేశారట. తీసి చూస్తే ఆమె ఖాతాలో ఒక్క కాలేజీ లేదు.

ఏం చేశావమ్మా అని అడిగాను. ఒక్కో కాలేజీ పేరు చదివి, గురజాలలో ఉన్న పెదనాన్నకు ఫోన్ చేసి, బస్సుందా, హాస్టల్ ఎట్లాంటిది అని కనుక్కుని, ఆయన సరేనన్నాకే పెట్టిందట. ఆ వైపు పెద్దవాళ్లను అడగకుండా ఆడపిల్లను ఊరు దాటించరు. అరగంట పట్టింది. సేవ్ నొక్కగానే లాగిన్ పేజీ వచ్చింది.

"పనైపోతే అదే బయటికి పంపిద్దంట మేడం. నెట్ సెంటరాయన అట్టనే చెప్పాడు," అంది షమీమ్. ఆ సాయంత్రం ఇంట్లో సంబరంగా సేమియా చేసుకుని తిన్నారట.

ఆమె నొక్కిన సమయం లాగ్‌లో సెకన్లతో సహా ఉంది. పక్కనే "సెషన్ ముగిసింది" అనీ ఉంది. ఏం ఎంచుకుందో మాత్రం లేదు. ప్రింటు తీసి జాయింట్ డైరెక్టర్‌కు చూపించాను. సేవ్ కానిదానికి సీటివ్వలేమన్నారు. సీట్లన్నీ నిండాయి, రెండో విడత లేదు.

బయటికొచ్చి చెప్పాను. మస్తాన్ అరవలేదు. "చదువుకున్నోరు, మీరే చెప్పండి మేడం. తప్పు పిల్లదేనా?" అన్నాడు.

కాదు, నాది, ఇదే ఫిర్యాదు వస్తే నేనే మూసేశాను అని చెప్పాల్సింది. రూల్ అలా ఉందన్నాను. సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

"పోదాం పా అబ్బా, బస్సు పోద్ది," అంటూ షమీమ్ తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఆ వారమే మాచర్ల నెట్ సెంటర్లో ఒక పూట కూర్చున్నాను. ఏ దరఖాస్తు నింపేవాళ్లయినా మధ్యలో ఆగి ఇంట్లో ఎవరికో ఫోన్ చేస్తున్నారు. ఎంచుకున్న ప్రతి పేరూ వెంటనే సేవ్ కావాలని, గడువు ముగిసేముందు తెలుగులో హెచ్చరిక రావాలని నోట్ పెట్టాను. మరుసటి ఏడు అమలైంది. ఆ ఏటి దరఖాస్తుల్లో షమీమ్ పేరు వెతికాను. లేదు.

లాగ్ అబద్ధం చెప్పదు, కానీ సర్వర్‌కు అందినంతవరకే చెబుతుంది. టికెట్ మూసేముందు ఆ మనిషి పక్కన కూర్చుని చూడాలి. నేను కూర్చున్నది ఒక పిల్ల చదువు పోయాక.