చవిటి నేల

నా చిన్నప్పుడు నరసాపురం దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళం. నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లకు నత్తి. ఒక్క మాట బయటికి రావడానికి ఎంతో సేపు పట్టేది. ఒకరోజు ఎక్కం ఒప్పజెప్పలేక నిలబడిపోతే నేను ‘చవట’ అన్నాను. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి అందరి నోటా అదే పేరు. వారం తిరక్కుండా ఆ పిల్ల బడి మానేసింది.

వాళ్ళ మామ్మ మా వీధి బట్టలు ఉతికేది. ఆ శనివారం, మా నాన్న చర్చికి కట్టుకునే పంచె తెమ్మని అమ్మ నన్ను పంపింది. నేను వెళ్ళేసరికి మామ్మా మనవరాలూ తట్ట పట్టుకుని బయలుదేరుతున్నారు. పంచె ఇంకా ఉతకనే లేదు.

“మా పిల్లని చవట అన్నారంటండి,” అంది మామ్మ నెమ్మదిగా. “ఆ మాటెక్కడిదో తెలుసాండి?”

తెలియదన్నాను. తన మనవరాల్ని ఏడిపించిన తొమ్మిదేళ్ళ దాన్ని, అయినా మామ్మ నన్ను ‘అండి’ అనడం మానలేదు. తిట్టి ఉంటే అంత సిగ్గు వేసేది కాదేమో.

“రండి, చూపిత్తాను.”

ఊరి చివర వాళ్ళు తీసుకెళ్ళిన చేలో గడ్డిపరక కూడా లేదు. నేలంతా ఉప్పు పేరినట్టు తెల్లటి పొర.

“చవిటి నేలండి ఇది. గింజ చల్లితే మొలవదు. అందుకని పనికిరానోళ్ళకి దీని పేరెట్టారు.”

ఆ పిల్ల వంగి, మట్టిని వేళ్ళ మధ్య నలిపి, నాలిక చివర పెట్టుకుంది. ఒకచోట వద్దని తల ఊపింది. ఇంకోచోట తవ్వమంది.

“నాకు కళ్ళు ఆనవండి. బట్టలుతికే మంచి మట్టి అదే ఎంచుద్ది,” అంది మామ్మ.

ఆ మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేరిన నీళ్ళలో పంచె ముంచి, బానలో ఆవిరికి పెట్టారు. నేను ఇంటికి వెళ్ళడం మరిచిపోయి అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం కాలవలో జాడించి ఆరేశారు. అంచున ఎన్నాళ్ళుగానో ఉన్న బురద చారలు ఏమైపోయాయో తెలియదు. ఎండలో ఆ తెలుపుకి కళ్ళు చెదిరాయి. గింజను మొలవనివ్వని నేల చేసిన పనా ఇది అనుకున్నాను. ఆ నేల గుట్టు నాలిక చివర తెలిసిన పిల్ల వైపు కళ్ళెత్తి చూడలేకపోయాను.

ఆ తరవాత ఏ తిట్టు విన్నా అదెక్కడిదో మా నాన్నను అడిగేదాన్ని. మొద్దు అంటే చెట్టు దుంగ అన్నాడు. వెధవ అన్న మాట విధవ నుంచి వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం, మొగుడు పోయాక ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొస్తున్న ఆ మామ్మ కళ్ళ ముందు మెదిలింది. మరెన్నడూ ఆ మాట నా నోట రాలేదు.

ఆ శనివారం గడిచి, సోమవారం ఉదయం బడికి వెళ్తూ వాళ్ళింటి ముందు ఆగాను. తప్పయిందన్నాను. ఆ పిల్ల జవాబు చెప్పబోయింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఏమనబోతోందో నాకు తెలుసు, నేనే అనేయగలను. కానీ ఊరుకున్నాను. చివరికి ఆ పిల్లే పలక చంకన పెట్టుకుని, “ప... పద,” అంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా ఎదుట ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఇవాళ్టికీ అందించను. వాళ్ళ మాట వాళ్ళ నోట వచ్చేదాకా కూర్చుంటాను.