వద్దులే పెద్దమ్మా

2023 ఎండాకాలం. తోటపల్లి గూడూరులో మా ఇంటి వరండాలో ఫ్యాను కింద కూర్చుని, లేని మనుషులకు మాటలు రాస్తుండేదాన్ని. నా ఉద్యోగమే అది. ఉన్న వీడియో గేమ్‌ను మార్చి, అందులో కొత్త ఊళ్ళూ మనుషులూ చేరిస్తే దాన్ని మాడ్ అంటారు. ఆడేవాళ్ళకు అప్పజెప్పే పని పేరు క్వెస్ట్. ఆ క్వెస్టుల్లో ఎవరు ఏమనాలో నేను రాస్తాను. మా అమ్మ మాత్రం చర్చిలో అందరికీ "మా సునీత బొమ్మలకు మాటలు నేర్పుద్ది" అని చెప్పుకునేది.

మా మాడ్‌లో సముద్రం ఒడ్డున ఒక పల్లె కట్టినాం. మొదటి క్వెస్ట్‌లో పడవ తీసుకుని సముద్రంలోకి పోవాలి. పడవ తాళం ఆ పల్లెలో ఒక పెద్దమ్మ దగ్గరుంటుంది. ఆమె "ఎండన పడి వచ్చినావు, రెండు ముద్దలు తినిపో నాయనా" అంటుంది. కింద రెండు బటన్లు. "సరే" నొక్కితే చేపల పులుసూ, తాళమూ. "వద్దులే పెద్దమ్మా, ఇప్పుడే తిన్నా" నొక్కితే పెద్దమ్మ తలుపేసుకుంటుంది. ఒకసారి మూసిన తలుపు ఇక తెరుచుకోదు. ఇంత సులువైనదాంట్లో ఎవరు ఫెయిలవుతారులే అనుకున్నా.

అందరూ అయినారు. వారమైనా ఒక్క పడవా కదల్లేదు. మా టీమ్ లీడర్ ఆనంద్ గారు ఫోన్ చేసినారు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగాయన.

"సునీత గారూ, ఆదివారంలోగా సరిచెయ్యకపోతే తెలుగు భాగం తీసేస్తాం."

తెలుగు పోతే నా ఉద్యోగం పోయినట్టే. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని వెతికించినా, ఏమీ లేదు. చివరికి ముత్తుకూరులో పోర్టు లారీ నడిపే శామ్యూల్‌కు ఫోన్ చేసినా. మా ఆటలన్నీ మొదట ఆడేది అతనే.

"పెద్దమ్మ తినమంటే ఏం నొక్కినావయ్యా?"

"వద్దన్నానక్కా."

"ఎందుకని?"

"అదేందక్కా! కొత్తగా పోయిన ఇంట్లో అడగంగానే కంచం ముందు కూర్చుంటారా ఎవురైనా? ఇంకోసారి అడుగుద్దిలే అని చూస్తా ఉంటే, దబీమని తలుపేసింది. ఏం మనిషక్కా ఆమె!"

ఓరి దేవుడా! నవ్వొచ్చింది, సిగ్గేసింది. నేను మాత్రం ఎవరింట్లో మొదటిసారికే సరే అన్నా? ఒక్కసారి అడిగి ఊరుకున్న వాళ్ళను ఇంటికొచ్చి ఎన్ని మాటలు అనుకునేదాన్ని! అట్టాంటిదాన్ని, పెద్దమ్మ చేత ఒక్కసారి అడిగించి వదిలేసినా.

ఆ పూటే తిరగరాసినా. రెండోసారి పెద్దమ్మ "ఒక్క ముద్దేలే" అంటుంది. మూడోసారి "నా చేతి కూడు నీకు పనికిరాదా? పో, నీతో మాట్లాడను" అంటుంది. మూసిన తలుపులన్నీ తెరిపించినా. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే రేవులో ఒక్క పడవ మిగల్లేదు. "పులుసు బాగుందక్కా" అని శామ్యూల్ మెసేజ్.

సాయంత్రం ఆనంద్ గారి ఫోన్. "చాలా బాగా చేశారు. రెండో భాగం మొత్తం మీరే రాస్తారా?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నోరు మాత్రం దాని దారిన అది, "అయ్యో, నేనెంతదాన్ని సార్, ఎవరైనా పెద్దవాళ్ళను చూసుకోండి" అనేసింది.

"ఓ, అలాగా? సరే, వేరే వాళ్ళను చూస్తాను."

దబీమని తలుపేసినాడు మహానుభావుడు!

"సార్, సార్! ఫోన్ పెట్టొద్దు. ఇంకో రెండుసార్లు అడగండి."

ఏమీ అర్థం కాకపోయినా, పాపం, ఆయన రెండోసారి అడిగినారు. మూడోదాకా ఆగే ధైర్యం నాకు లేదు. సరే అనేసినా.